నాన్నది హనుమకొండ, అమ్మది హాంబుర్గ్: బొమ్మ, నేత, వీడియో కలిపి వరంగల్ నుంచి పని చేయడం ఎలా?

ప్రశ్న క్లుప్తంగా ఇది: చదువంతా జర్మనీలో అయిన అమ్మాయి, ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకు ఇచ్చేది) ఉంది, రెండేళ్లు ఇక్కడ ఉండి చేర్యాల పద్ధతి (గుడ్డ మీద కథలు గీసే పటాల పని), వరంగల్ జంపఖానా నేత, వీడియో కలిపి పని చేయాలనుకుంటోంది. రెండు సంస్కృతులనూ చూపించే పని ఎక్కడ మొదలుపెట్టాలి, దాని మీద బతకొచ్చా అని అడిగింది.

ముందు ఒక సరుకు పట్టుకోండి. గుడ్డో, నూలో, ఇత్తడి రేకో ఏదైనా సరే. రెండు సంస్కృతులు మీ దగ్గర ఎలాగూ ఉన్నాయి, వాటిని ప్రత్యేకంగా బొమ్మలో పెట్టక్కర్లేదు. బతుకమ్మ పక్కన బెర్లిన్ గోడ, చీర కొంగు మీద జర్మన్ అక్షరాలు లాంటివి ఎంపిక కమిటీలకు ఏటా వస్తూనే ఉంటాయి, అంతే వేగంగా పక్కకు పోతుంటాయి.

మనవాళ్లలో ఇందుకు మంచి ఉదాహరణ కృష్ణారెడ్డి. 1925లో చిత్తూరు దగ్గర నందనూరులో పుట్టారు. శాంతినికేతన్‌లో చదివి, లండన్‌లో హెన్రీ మూర్ దగ్గర, పారిస్‌లో జాడ్‌కిన్ దగ్గర శిల్పం నేర్చుకున్నారు. తర్వాత పారిస్‌లోనే హేటర్ నడిపిన అటెలియే 17 అనే స్టూడియోలో ప్రింటు వైపు, అంటే చెక్కిన పలక నుంచి కాగితం మీద అచ్చు తీసే పని వైపు తిరిగారు. శిల్పి చెయ్యి కాబట్టి లోహపు పలకను వేర్వేరు లోతుల్లో చెక్కారు. నూనె మోతాదు వేరువేరుగా ఉన్న రంగులను గట్టి రోలరుతో ఒకటి, మెత్తటి రోలరుతో ఒకటి ఎక్కిస్తే అవి ఒకదాన్నొకటి నెట్టుకుని విడివిడిగా నిలుస్తాయి, అన్ని రంగులూ ఒకే అచ్చులో వస్తాయి. విస్కాసిటీ ప్రింటింగ్ అంటే అదే. తోటి కళాకారుడు కైకో మోతీతో కలిసి ఆ పద్ధతిని కనిపెట్టారు. శిల్పమూ ప్రింటూ కలిసింది ఆ పలక లోతుల్లోనే.

ఇక మీ సంగతి. మూడింట్లో చేర్యాలతో మొదలుపెట్టమంటాను. కారణం ఉంది. ఆ పటం గోడకు తగిలించడానికి పుట్టింది కాదు, కథ చెప్పడానికి పుట్టింది. మూడడుగుల వెడల్పున పదుల అడుగుల పొడవు గుడ్డ. పద్మశాలీలకు కూనపులివారు, మాదిగలకు డక్కలివారు, ఇలా ఒక్కో కులానికి ఒక్కో కథకుల బృందం. పటాన్ని కొద్దికొద్దిగా విప్పుతూ, బొమ్మ మీద కర్ర ఆనించి చూపిస్తూ పాడతారు. బొమ్మ, పాట, ఆట, ఒక దృశ్యం తర్వాత ఇంకో దృశ్యం, అన్నీ అందులోనే ఉన్నాయి. వీడియో చదివినవాళ్లకు ఇంతకంటే దగ్గరి దారి లేదు.

చేర్యాల ఇప్పుడు సిద్దిపేట జిల్లా కింద ఉంది, వరంగల్ నుంచి జనగామ మీదుగా వెళ్లాలి. ఈ పటాలు గీసే నకాషీ కుటుంబాలు నేర్పిస్తాయి, కానీ చాలామంది నేరుగా రంగుల దగ్గర కూర్చుంటారు. గుడ్డ తయారీ దగ్గర కూర్చోండి, అసలు విద్య అక్కడుంది.

ఖాదీ గుడ్డను ముందు నానబెట్టి, ఉతికి, గంజి పోగొట్టి ఆరేయాలి. లేకపోతే పూత వేశాక కుంచించుకుపోయి అంచులు లేస్తాయి. చింతగింజలు వేయించి, పొట్టు తీసి, రాత్రంతా నానబెట్టి మెత్తగా రుబ్బాలి. ఒక వంతు పిండికి ఎనిమిది నుంచి పది వంతుల నీళ్లు పోసి సన్నటి మంట మీద తిప్పుతూ ఉడికిస్తే బంక అవుతుంది. వడగట్టడం మరవొద్దు, పలుకులు మిగిలితే గీత గీసేటప్పుడు కుంచెకు అడ్డం పడతాయి. అందులో బియ్యపు గంజి, జల్లించిన సుద్దమట్టి, కొంచెం తుమ్మజిగురు కలిపి దోసెపిండిలా జారేంత పలచన చేయాలి. మూడు పూతలు. మొదటిది పలచగా, నేతలోకి ఇంకేలా. రెండోది అడ్డంగా, మూడోది నిలువుగా. ఒకటి పూర్తిగా ఆరాకే ఇంకొకటి. ఎండాకాలం ఒక్క రోజులో అయ్యే పని వానాకాలంలో రెండు మూడు రోజులు పడుతుంది, ఈలోపు బంక పులిసి వాసన కొడుతుంది. కాబట్టి ఏ రోజుకు ఆ రోజే ఉడికించుకోండి. చింతగింజా గంజీ పురుగులకు, బూజుకు విందు భోజనం. పుస్తకాలు కుట్టేవాళ్లు మైదా బంకలో వేసినట్టే ఇందులోనూ చిటికెడు మైలుతుత్తం వేస్తే ఆగుతుంది. అది విషం, వంట గిన్నెలు వాడొద్దు.

పూత కుదిరిందో లేదో తెలియాలంటే ఆరిన గుడ్డ మూలను వేలికి చుట్టి చూడండి. తెల్లటి గీతలు పడి పెళ్లలు లేస్తే సుద్ద ఎక్కువైంది. చుట్టకుండానే రుద్ది చూస్తే వేలికి పొడి అంటుతోందంటే బంక పలచనైంది. వంగనని అట్టలా మొరాయిస్తే పూత మందమైంది, ఆ గుడ్డ చుట్టలో ఎన్నాళ్లో బతకదు. మూడూ పట్టుబడేదాకా బొమ్మ జోలికి పోకపోవడమే మేలు.

గీత అయ్యాక ముందు నింపేది నేపథ్యపు ఎరుపు. తర్వాత ఒంటి రంగులు, బట్టలు, నగలు, చివర్లో నల్లగీత. పాత ఎరుపు ఇంగిలీకం, అంటే పాదరసపు ఖనిజం. పొడిగా నూరితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది, వేడి తగలనివ్వకూడదు, పైగా వెలుతురుకు నల్లబడుతుంది. ఇవాళ చాలామంది దుకాణం రంగులే వాడుతున్నారు, అందులో తప్పేం లేదు. సంప్రదాయ రంగులనే పేరు కోసం విషం నూరాల్సిన పని లేదు.

వీడియో కలపాలనుకుంటే ఒక చిక్కుంది. ఆ ఎర్రటి నేపథ్యం మీద ప్రొజెక్టర్ వేస్తే నీలం, ఆకుపచ్చ అన్నీ అందులో కలిసిపోయి మురికిగా కనిపిస్తాయి. పటంలో ఒక గడి బొమ్మ వేయకుండా సుద్ద తెలుపుగానే వదిలేయండి. ఆ పూతకు మెరుపు ఉండదు కాబట్టి మంచి తెరలా పని చేస్తుంది. మూడడుగుల వెడల్పు నిండా 16:9 వీడియో పడాలంటే ఆ గడి ఎత్తు 20 అంగుళాల పైచిలుకు ఉండాలి. పటం గీసే ముందే లెక్క వేసుకోవాలి, తర్వాత కుదరదు. రంగులున్న గడుల మీద వెలుతురు 50 లక్స్ దాటనివ్వకండి, మ్యూజియంలు గుడ్డకూ కాగితానికీ పాటించే కొలత అది.

నేతకు వరంగల్‌లోని కొత్తవాడకు వెళ్లండి. వరంగల్ జంపఖానాలకు 2018లో జీఐ గుర్తింపు (ఒక ప్రాంతపు సరుకు పేరును కాపాడే భౌగోళిక గుర్తింపు) వచ్చింది. 1851 లండన్ ప్రదర్శన దాకా వెళ్లిన ఊరు మనది. అక్కడ మీరు మగ్గం ఎక్కడం కంటే మీ బొమ్మను నేతగాళ్లకు అర్థమయ్యేలా ఇవ్వడం ముఖ్యం. వాళ్లకు కావాల్సింది గ్రాఫ్, రంగుల సంఖ్య, కొలత. గళ్ల కాగితం మీద గుండ్రంగా గీసిన వృత్తం మగ్గం దిగాక కోడిగుడ్డులా వస్తుంది. అంగుళానికి పడుగు (నిలువు) పోగులూ పేక (అడ్డం) పోగులూ సమానంగా ఉండకపోవడమే కారణం. రెండు లెక్కలూ ముందే అడిగి అదే నిష్పత్తిలో గడులు గీసిన కాగితం తయారు చేసుకోండి. ఏటవాలు గీత మెట్లుమెట్లుగా వస్తుంది, ఆ మెట్లే డిజైన్ అనుకుని గీస్తే అందంగా ఉంటుంది. పంజాతో (పేకను దగ్గరికి కొట్టే పళ్ల పనిముట్టుతో) కొట్టే నేతలో రెండు రంగులు నిలువుగా ఒకే పోగు దగ్గర చాలాదూరం కలిస్తే అక్కడ చీలిక పడుతుంది. పేకలను ఒకదానితో ఒకటి మెలి వేయమని చెప్పాలి, లేదా సరిహద్దును ఒక పోగు అటూఇటూ జరుపుతూ పోవాలి. నూలు మొత్తం ఒకేసారి అద్దించండి. అద్దకం మారితే ఎరుపు మారుతుంది, జంపఖానా మధ్యలో అడ్డంగా గీత తేలుతుంది. దాన్ని ఎవరూ సరిచేయలేరు.

జనగామ దగ్గరే పెంబర్తి కూడా ఉంది, ఇత్తడి రేకు పని. కానీ రెండేళ్లకు మూడు సరుకులు ఎక్కువ. వదిలేయమనే నా సలహా.

పేర్ల దగ్గర జాగ్రత్త. చేర్యాల పేరుకు జీఐ రక్షణ ఉంది. జీఐ చట్టం ప్రకారం నమోదైన వినియోగదారులే ఆ పేరుతో అమ్మాలి. మీరు వేసినదాన్ని నకాషీ పద్ధతిలో చేసిన పని అని రాసుకోండి, చేర్యాల చిత్రం అని ధర చీటీ కట్టొద్దు. నకాషీ చిత్రకారుడి చేత ఒక భాగం వేయిస్తే కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ చదవండి. డబ్బిచ్చి వేయించుకున్న చిత్రానికి, వేరే ఒప్పందం లేకపోతే, వేయించుకున్నవాళ్లే మొదటి హక్కుదారులు. అంటే గీసినాయన హక్కు మీకొస్తుంది, ఆయనకు తెలియకుండానే. ఇది న్యాయం కాదనుకుంటే కాగితం మీద రాయాలి: హక్కు ఉమ్మడి, ప్రదర్శన చీటీలో ఇద్దరి పేర్లూ ఒకే అక్షరాల సైజులో, అమ్మితే వాటా ఇంత. రేపు మీకు ఎవరైనా పని అప్పగించినా ఇదే సెక్షన్ మీ మీదికి వస్తుంది. హక్కు రాసిచ్చేటప్పుడు గడువు రాయకపోతే 5 ఏళ్లు, ప్రాంతం రాయకపోతే భారతదేశం అని 19వ సెక్షన్ అంటుంది. డక్కలివారి కిన్నెర రికార్డు చేస్తే ప్రదర్శకుడి హక్కులు వేరే ఉంటాయి. చాయ్ తాగించి ఫోన్‌లో రికార్డు చేసుకొచ్చి యూరప్ గ్యాలరీలో వేయడం చట్టరీత్యా తప్పు, మర్యాద కూడా కాదు. పాట ఏ పనికి వాడతారో తెలుగులో రాసి, చదివి వినిపించి, ముందే డబ్బిచ్చి సంతకం తీసుకోండి.

ఓసీఐ ఉంటే ఇల్లు, బ్యాంకు, రాకపోకలకు ఇబ్బంది ఉండదు. కానీ 2021 మార్చి నోటిఫికేషన్ ప్రకారం పరిశోధనకు, జర్నలిజానికి ప్రత్యేక అనుమతి కావాలి. జర్మనీ ఫౌండేషన్ నుంచి గ్రాంటు తెచ్చుకునేటప్పుడు దరఖాస్తులో పరిశోధన అని రాస్తే ఇక్కడ ఆ అనుమతి తీసుకునే రావాలి. ఇక్కడి గ్రాంట్లలో కొన్ని భారత పౌరులకు మాత్రమే, కాబట్టి దరఖాస్తు నింపే ముందు అర్హత పంక్తి చదవండి. హనుమకొండలో ఉన్నప్పుడు తెలుగు విశ్వవిద్యాలయం వారి జానపద గిరిజన విజ్ఞాన పీఠానికి తప్పక వెళ్లండి, కథకుల బృందాల గురించి తెలిసినవాళ్లు అక్కడ దొరుకుతారు.

రామప్ప, కోట, వేయిస్తంభాల గుడి మూడూ కేంద్ర పురావస్తు శాఖ కింద ఉన్నాయి. చేతిలో కెమెరా సరే, ట్రైపాడ్, లైట్లు పెడితే అనుమతి కావాలి. డ్రోన్ సంగతి మర్చిపోండి.

బతకొచ్చా అంటే, మొదటి కొన్నేళ్లు బొమ్మల మీదే కష్టం. మన ఉత్తర తెలంగాణ పెద్దలూ అలాగే వచ్చారు. బూరుగుపల్లి నుంచి బరోడా దాకా వెళ్లిన చిత్రకారుడు తోట వైకుంఠం డ్రాయింగు పాఠాలు చెప్పారు, సినిమాలకు కళాదర్శకత్వం చేశారు, 'దాసి'కి జాతీయ అవార్డు కూడా అందుకున్నారు. మీకు వర్క్‌షాపులు, డిజైన్ పని, రెసిడెన్సీలు (ఒక సంస్థ దగ్గర కొన్నాళ్లు ఉండి పని చేసుకునే అవకాశాలు) ఉంటాయి. గ్యాలరీ అమ్మకంలో సగం దాకా తీసుకుంటుంది. బొమ్మ వాళ్ల దగ్గర పెట్టిన రోజే రసీదు తీసుకోండి: కొలత, ధర, ఎన్నాళ్లు, పాడైతే ఎవరు భరించాలి. హాంబుర్గ్‌లో ఒక ధర, హైదరాబాద్‌లో ఒక ధర పెట్టకండి, కొన్నవాళ్లకు తెలియకుండా ఉండదు. వీడియో అయితే మూడో ఐదో కాపీలకు పరిమితం చేసి ఒక్కోదానికి సంఖ్య వేసి సర్టిఫికెట్ ఇవ్వాలి. ఆ సంఖ్య తర్వాత పెంచారా, మీ మాటకు విలువ ఉండదు.

పోర్ట్‌ఫోలియోలో పది పన్నెండు పనులు చాలు. ఒక్కోదాని కింద సరుకు, కొలత సెంటీమీటర్లలో, సంవత్సరం, ఎవరితో కలిసి చేశారో వాళ్ల పేరు రాయండి. మీ పని గురించి మీరు రాసే స్టేట్‌మెంట్ ఒక పేజీ దాటొద్దు. అమ్మానాన్నల ఊర్లు ఒక్క వాక్యంలో చెప్పేసి మిగతాదంతా పని గురించి రాయండి.

చివరగా రవాణా. ఇక్కడ చాలామంది నష్టపోయేది దీనిలోనే. పటాన్ని బొమ్మ బయటికి ఉండేలా చుట్టాలి, లోపలికి చుడితే పూత నలిగి పగులుతుంది. గొట్టం వ్యాసం కనీసం ఆరంగుళాలు ఉండాలి, మధ్యలో పలచటి ఆమ్లరహిత కాగితం వేయాలి. పెట్టె మామూలు కర్రతో చేయిస్తే వేడిశుద్ధి ముద్ర లేదని యూరప్‌లో ఆపేస్తారు. ప్లైవుడ్‌కు ఆ బాధ లేదు. అమ్మడానికి కాకుండా ప్రదర్శనకే పంపి తిరిగి తెచ్చుకుంటుంటే వ్యాపార సంఘం ఫిక్కీ ద్వారా ఏటీఏ కార్నే (తాత్కాలికంగా సరుకు దేశం దాటించే పత్రం) తీసుకోండి, ఏడాది చెల్లుతుంది, రెండు వైపులా సుంకం గొడవ ఉండదు. పటం పాతదిలా కనిపిస్తే పురాతన వస్తువు కాదని పురావస్తు శాఖ సర్టిఫికెట్ అడుగుతారు. పురాతన వస్తువులు, కళానిధుల 1972 చట్టం కింద వందేళ్లు దాటినవి దేశం దాటకూడదు. మీలాగే రెండు దేశాల బిడ్డ, హంగేరీ తల్లికీ పంజాబీ తండ్రికీ పుట్టిన అమృతా షేర్‌గిల్ బొమ్మలు అదే చట్టం కింద కళానిధులు, అవీ దాటకూడదు. బతికున్న కళాకారుల పనికి ఆ హోదా ఇవ్వరు కాబట్టి మీకు ఆ భయం లేదు. గుడ్డ కొన్న బిల్లు, పూత వేస్తున్నప్పటి ఫొటోలు తేదీలతో సహా దాచుకుంటే సర్టిఫికెట్ పని త్వరగా అవుతుంది.