రెండు పేటల పగలో లాభం ఎవరిది?

అమ్మాయీ,

నీ కథ నిదానంగా చదివాను. రెండు బెస్తపేటలు, తాతల నాటి పగ, ఆ పేట కుర్రాడికీ ఈ పేట పిల్లకీ ప్రేమ. ఇంట్లో తమిళం, బళ్లో తెలుగు మాట్లాడుతూ నెల్లూరు తీరంలో పెరిగినదానివి కనుక మాటలు అసలు మనుషులు మాట్లాడుకున్నట్టే వినబడ్డాయి. పగ దగ్గరికి వచ్చేసరికి మాత్రం కథ పలచబడింది. వీళ్లెందుకు కొట్టుకుంటున్నారయ్యా అంటే ‘ఎప్పట్నుంచో’ అని ఒక్క ముక్క చెప్పి దాటేశావు. ఊళ్లోవాళ్లు ఆ మాట అనొచ్చు. రాసేవాళ్లు అక్కడితో ఊరుకోకూడదు.

మీ అవ్వ తమిళ సినిమా ‘పడగోట్టి’ పాటలు పాడేదని రాశావుగా, ఆ సినిమా ఒకసారి తీరిగ్గా చూడు. 1964లో వచ్చింది. ఎం.జి.రామచంద్రన్, సరోజాదేవి జంట. దర్శకుడు మన తాతినేని ప్రకాశరావు, కృష్ణా జిల్లా మనిషి, 1952లో ‘పల్లెటూరు’తో మొదలుపెట్టి తమిళంలోనూ పెద్ద పేరు తెచ్చుకున్నాడు. కథ ఇంచుమించు నీదే. ఒక పేటది సొరచేప పేరు, ఇంకో పేటది టేకుచేప పేరు. నాయకుడు మాణిక్యం అటు, నాయిక ముత్తళగి ఇటు. అయితే ఆ రెండు పేటల మధ్యా మూడో మనిషి ఒకడున్నాడు, నంబియార్ వేసిన డబ్బున్న ఆసామి. వీళ్లు విడిపోయి ఉన్నంతకాలం చేప ధర అతను చెప్పిందే. కలిశారా, ధర వీళ్లు చెబుతారు. ఆ సినిమాలో నాకు అన్నిటికన్నా విలువైన సంగతి ఇదే. పగకి ఒక లెక్క ఉంది, ఆ లెక్కలో ఎవరికో మిగులుతోంది. నీ కథలో ఆ మిగిలేది ఎవరికి?

అందుకే నీ కథకి గుండెకాయ కత్తుల కొట్లాట కాదు, ఒడ్డు మీద చేపల వేలం. నువ్వు దాన్ని రెండు వాక్యాల్లో తేల్చేశావు, నాకు బాధేసింది. చేప ఆగదు. ఎండెక్కితే ధర దిగుతుంది. వలకీ పడవకీ అప్పిచ్చినవాడికే సరుకు పోయాలన్న కట్టుబాటు ఉన్నచోట, పడవ కడలిలోకి దిగకముందే బేరం సగం అయిపోయినట్టు. వేటకెళ్లి రాత్రంతా మేలుకున్నవాడు తెల్లారి నోరెత్తలేని క్షణం ఒకటుంటుంది, ఆ క్షణం నాకు కావాలి. అప్పుడు పక్కపేటవాడు అదే కవళ్ల చేపల గంపని ఇంకో రెండు రూపాయలు తగ్గించి ఇచ్చేస్తే ఏమవుతుందో చూడు. పగ నీ కళ్ల ముందే పుడుతుంది, తాతల్ని పిలవక్కర్లేదు.

సినిమా ఆగినచోట నువ్వు ఆగొద్దు. చెడ్డవాడి ఆట కట్టాక పేటలు కలిసిపోవడం తెరకి సరిపోతుంది. తీరం కథ అంత తేలిగ్గా ముగియలేదు. మర పడవలు, పెద్ద వల ఈడ్చుకుపోయే ట్రాలర్లు పెరిగేకొద్దీ కట్టుమరం తెప్పల వాళ్లకీ ఆ ఇంజను పడవల వాళ్లకీ తమిళ తీరంలో ఘర్షణలు ముదిరాయి. ఒకడి వల ఇంకొకడి ఇంజను కింద తెగిపోతే ఆ నష్టానికి ఏ ఆసామినీ తిట్టలేం. చివరికి 1983లో తమిళనాడు ప్రభుత్వం చట్టం చేసి, ఒడ్డు నుంచి మూడు నాటికల్ మైళ్లలోపు ట్రాలర్లు వేటాడకూడదంది. అప్పటి ముఖ్యమంత్రి ఎవరో తెలుసుగా? మాణిక్యం వేషం వేసిన మనిషే. తెర మీద పేటల్ని కలిపినవాడే అధికారంలోకి వచ్చాక నీటి మీద గీత గీయాల్సి వచ్చింది. నాకైతే ఇందులో ఒక నవల కనిపిస్తుంది. మన విశాఖలో 2022 జనవరిలో, చేపల గుంపుని చుట్టుముట్టి పట్టే రింగు వలల గొడవకి పడవలు తగలబడ్డాయి. అటూ ఇటూ మత్స్యకారులే, ఎవరి ఆకలి వాళ్లది. ఇలాంటి కథలో దుర్మార్గుడు లేకపోయినా పగ ఉంటుంది. రాయడం కష్టం, అయినా నువ్వు రాయగలవు.

పాటల గురించి కూడా చెప్పాలి. విశ్వనాథన్–రామమూర్తి సంగీతం, పాటలన్నీ రాసింది వాలి. దేవుడు తమని నేల మీద పుట్టించి నీళ్లలో బతకమన్నాడనీ, ఆడవాళ్లని ఒడ్డున ఉంచి కన్నీళ్లలో ముంచాడనీ గాయకుడు సౌందరరాజన్ పాడతాడు. మీ అవ్వ పాడినది ఇదేనేమో. ఇంకో పాటలో మట్టి గుడిసె గుమ్మమైతే మాత్రం పిల్లగాలి రానంటుందా అని అడుగుతాడు. సమానత్వం అన్న పెద్ద మాట ఎక్కడా ఎత్తలేదు. గుడిసె, గుమ్మం, గాలి, అంతే. నీ మూడో భాగంలో ‘దోపిడీ వ్యవస్థ’ అని రాసిన పేరా కొట్టేసి ఇలాంటి గుమ్మం ఒకటి వెతుక్కో.

అంత గొప్ప పాటలోనూ నాకు ఒప్పుదల లేనిది ఒకటుంది. ఒడ్డున ఆడవాళ్లు ఏడుస్తూ కూర్చోరు. గంప నెత్తికెత్తుకుని ఊళ్లు తిరిగేది వాళ్లు, మారుబేరం చేసేది వాళ్లు, అమ్ముడుపోని చేపని ఉప్పేసి ఎండబెట్టేది వాళ్లు, అప్పులవాడికి జవాబు చెప్పేదీ వాళ్లే. నీ నాయిక ఆరు పేజీల పాటు అలల వైపు చూస్తూ నిలబడింది. ఆమెని వేలంలోకి దించు. ప్రియుడి తల్లికీ ఆమెకీ ఒకే గంప మీద పోటీ పెట్టు. అప్పుడు ఆమె ప్రేమించడం ఎంత ఖరీదైన పనో మాకు తెలుస్తుంది.

ఈ వారం ప్రేమకథ జోలికి పోకు. మీ అవ్వ దగ్గర కూర్చుని, ఆమె రోజుల్లో చేప ఎవరికి పోసేవారో, ధర ఎవరు పలికేవారో, డబ్బు ఏ పూట చేతికొచ్చేదో అడిగి, తమిళంలో చెబితే తమిళంలోనే రాసుకో. ఆ వేలం ఒక్కటీ ముందు రాసి పంపు. మిగతా కథ అది చదివాక మాట్లాడుకుందాం.

ఆశీస్సులతో,
మీ మాస్టారు