మోకాలు నయమైనా తమ్ముడు ఫుట్‌బాల్ మానేస్తానంటున్నాడు: సమాధానం

అన్నా, మీ తమ్ముడికి పోయింది ఆట మీద ఇష్టం కాదు, మోకాలి మీద నమ్మకం. లిగమెంట్ ఆపరేషన్ అయి 7 నెలలు, స్కాన్ బాగుంది, అయినా 21 ఏళ్లకే మానేస్తానంటున్నాడని రాశారు కదా. తిరుపతిలో ఎస్వీ యూనివర్సిటీ గ్రౌండ్‌లో ఇలాంటి పిల్లల్ని చూశాను. పరుగు బాగానే ఉంటుంది. ఎదుటివాడు బంతి మీదికి రాగానే ఆ కాలు వెనక్కి లాగేస్తారు.

జర్మనీ ఆటగాడు సెబాస్టియన్ డైస్లర్ 2007లో 27 ఏళ్లకే ఆట వదిలేశాడు. మోకాలిని ఇక నమ్మలేకపోతున్నానన్నాడు. అంతకుముందు డిప్రెషన్‌కి చికిత్స కూడా తీసుకున్నాడు.

1. ఆపరేషన్ అయి 9 నెలలు నిండకుండా మ్యాచ్ వద్దు.

2. అందరూ వదిలేసేది ఇదే: ఒంటికాలి గెంతు. ఫిజియో ఎదురుగానే చేయించండి. ముందు మంచి కాలితో గెంతించి టేపుతో కొలవండి, తర్వాత ఆపరేషన్ కాలితో. మంచి కాలు 150 సెం.మీ. గెంతితే ఇది కనీసం 135, అంటే 90 శాతం గెంతాలి. స్కాన్ లిగమెంట్‌ని చూపిస్తుంది గానీ తొడలో బలాన్ని చూపించదు. తక్కువ వస్తే వాడి భయానికి కారణం ఉన్నట్టే, తిట్టకండి. కొలతలు వాడి చేతే నోట్‌బుక్‌లో రాయించండి.

3. నిద్ర, తిండి తగ్గి ఉంటే మాత్రం ముందు తిరుపతి రుయా ఆసుపత్రిలో మానసిక వైద్యుల్ని కలవండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కి ఫోన్ చేసినా తెలుగులో మాట్లాడతారు, ఉచితం.

ఆపరేషన్ కాలు ఆ 90 శాతం దాటాక కూడా ఆట వద్దంటే బలవంతపెట్టకండి. జపాన్ ఆటగాడు నకాటా 2006 ప్రపంచకప్ అవగానే 29 ఏళ్లకే తన ఇష్టంతోనే ఆపేశాడు.