సూపర్ కంప్యూటర్ లేని ఊళ్లో చదివితే కంప్యూటేషనల్ మెటీరియల్స్‌లో పీహెచ్‌డీ సీటు వస్తుందా?

అనంతపురంలో ఎమ్మెస్సీ ఫిజిక్స్ ఆఖరి ఏడాదిలో ఉన్నానని, కాలేజీలో సూపర్ కంప్యూటర్ కాదు కదా మంచి ల్యాబ్ కూడా లేదని రాశారు. నేనూ అనంతపురంలోనే ఎమ్మెస్సీ చదివి, బెంగళూరులో ఇదే సబ్జెక్టులో, అంటే పదార్థాల గుణాలను కంప్యూటర్ మీద లెక్కకట్టే సబ్జెక్టులో, పీహెచ్‌డీ చేశాను. సీటుకు సూపర్ కంప్యూటర్ అక్కర్లేదు.

నా దగ్గర 4 జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్ ఉండేది. దాంట్లో లినక్స్ వేసి, ఈ లెక్కలకు ఉచితంగా దొరికే క్వాంటమ్ ఎస్ప్రెస్సో అనే సాఫ్ట్‌వేర్ ఎక్కించాను. మొదట సిలికాన్ లెక్క చేశాను. స్ఫటికంలో మళ్లీ మళ్లీ వచ్చే అతి చిన్న ముక్క, అంటే ప్రిమిటివ్ సెల్‌లో రెండే పరమాణువులు కాబట్టి పాత మెషీన్ మీద కూడా నిమిషాల్లో అయిపోతుంది. బ్యాటరీ ఎప్పుడో పోయింది, ఎండాకాలం కరెంటు పోతే మాత్రం మళ్లీ మొదటికే. పుస్తకంలో సిలికాన్ బ్యాండ్ గ్యాప్ (ఎలక్ట్రాన్ స్వేచ్ఛగా కదిలే స్థాయికి ఎగరడానికి కావాల్సిన శక్తి) 1.1 ఎలక్ట్రాన్ వోల్టులని ఉంది, నాకేమో 0.6 దగ్గర వచ్చింది. లెక్క కచ్చితత్వాన్ని నిర్ణయించే కటాఫ్ పెంచా, కె-పాయింట్లు పెంచా, వారం రోజులు ఇన్‌పుట్ ఫైల్లో తప్పు వెతికా. 0.6 అక్కడే కూర్చుంది. తప్పు నాది కాదని తర్వాత తెలిసింది. ఈ సాఫ్ట్‌వేర్ వాడే లెక్క పద్ధతి పేరు డీఎఫ్‌టీ. డీఎఫ్‌టీలో మామూలుగా వాడే పీబీఈ ఫంక్షనల్ అనే ఉజ్జాయింపు సూత్రం గ్యాప్‌ను తక్కువగానే చూపిస్తుంది.

ఇంటర్వ్యూలో ఈ సంగతి చెప్పగానే "ఎందుకు తక్కువ?" అని పట్టుకున్నారు. మిగతా సమయమంతా దానిమీదే నడిచింది, సీటొచ్చింది. అంతకుముందు వేరే చోట సాలిడ్ స్టేట్‌లో వచ్చే బ్రిల్వా జోన్ బొమ్మ గీయమంటే బోర్డు ముందు బిక్కమొహం వేసి తిరిగొచ్చాను లెండి. సాలిడ్ స్టేట్, క్వాంటమ్ రెండూ గట్టిగా చదవండి, సాఫ్ట్‌వేర్ తర్వాతైనా వస్తుంది.

సీఎస్ఐఆర్ నెట్, గేట్, జెస్ట్ మూడు పరీక్షలూ రాయండి. జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే 2023 నుంచి మొదటి రెండేళ్లు నెలకు 37,000, ఆ తర్వాత 42,000. ఫెలోషిప్ లేకుండా మాత్రం చేరొద్దు. ఇంట్లో డబ్బులడుగుతూ ఐదేళ్లు నెట్టుకురావడానికి మా సీనియర్ ఒకాయన పడ్డ పాట్లు చూశాను.

బెంగళూరులో ఐఐఎస్‌సీ, జేఎన్‌సీఏఎస్‌ఆర్, ఇటు తిరుపతి ఐసర్, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ చూడండి. సంస్థ పేరు కన్నా గైడ్ ముఖ్యం. మెయిల్ రాసే ముందు ఆయన ఈమధ్య రాసిన పేపర్ ఒకటి చదివి, అందులో మీకు అర్థంకాని చోటు గురించి ఒక ప్రశ్న అడగండి. "రెస్పెక్టెడ్ సర్" అని వందమందికి ఒకే మెయిల్ పంపితే జవాబు రాదు. నేను పంపి చూశాను.