రిసీవర్ దిద్దుతుందా, సవరిస్తుందా?

సందేహం: పాలిటెక్నిక్ విద్యార్థుల కోసం తెలుగులో ఒక పాఠం రాస్తున్నాను. దారిలో చెడిపోయి వచ్చిన సిగ్నల్‌ను సెల్‌ఫోన్ రిసీవర్ ఎలా బాగుచేసుకుంటుందో అందులో విషయం. ‘రిసీవర్‌లో సంకేత వక్రీకరణ సవరించబడుతుంది’ అని రాశాను. నా సహోద్యోగి దాన్ని కొట్టేసి ‘రిసీవర్ సిగ్నల్‌ను దిద్దుకుంటుంది’ అని మార్చారు. దిద్దడమంటే పలక మీద అక్షరాలకూ పరీక్ష పేపర్లకూ చెల్లే మాట కదా, యంత్రానికి ఎలా చెల్లుతుంది? ఏది సరైనది? (ఒక అధ్యాపకురాలు)

సమాధానం: నేను మీ సహోద్యోగి పక్షాన ఉన్నాను. ముందుగా ‘సవరించబడుతుంది’ సంగతి. పని చేసే రిసీవర్ కళ్లెదుట ఉండగా దాన్ని కర్తగా నిలబెట్టకుండా ‘బడు’ చాటుకు నెట్టడం దేనికి? ‘సవరించడం జరుగుతుంది’ అనేదీ ఈ జబ్బే. పాఠ్యపుస్తకాల్లో మొదలై ప్రభుత్వ ప్రకటనల దాకా పాకింది. మీ విద్యార్థులకైనా దాన్ని అంటించకండి.

ఇక దిద్దు. ఈ మాటను పలకకూ పేపర్లకూ పరిమితం చేస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది. ఇది అచ్చమైన దేశ్యం. తమిళంలో తిరుత్తు, మలయాళంలో తిరుత్తుక, పాత కన్నడంలో తిర్దు, నేటి కన్నడంలో తిద్దు. తమిళంలో దీనికి తోడుగా తిరుందు అనే అకర్మకం కూడా ఉంది. తనంతట తాను చక్కబడితే తిరుందు, మరొకదాన్ని చక్కబరిస్తే తిరుత్తు. మన వాడుకలో ఉన్నది సకర్మకమే. అంటే మన భాషలో దిద్దాలంటే దిద్దే చెయ్యి ఒకటి ఉండి తీరాలి. ‘దిద్దబడింది’ అంటే చెవికి వెగటుగా ఉండటానికి అదీ ఒక కారణమని నా నమ్మకం.

తల్లి బిడ్డకు కాటుక దిద్దుతుంది, బొట్టు దిద్దుతుంది. మీసం దిద్దుకుంటారు, ముగ్గు తీర్చి దిద్దుతారు. 1910లో ఆంధ్రభారతి పత్రికలో అచ్చయిన తన కథకు గురజాడ పెట్టిన పేరు ‘దిద్దుబాటు’. దారి తప్పిన భర్తను భార్య దారికి తెచ్చుకున్న కథ అది. దానికి ‘సవరణ’ అని పేరు పెట్టి చూడండి, కథ చట్టసభకు వెళ్లిపోతుంది. (చెవి దిద్దులను ఈ చర్చలోకి లాగడం లేదు.)

ఈ వాడుకలన్నిటిలోనూ ఒక సామాన్య ధర్మం ఉంది. దిద్దే చేతికి ఒక రూపం ముందే తెలుసు. కంటి అంచు ముందే ఉంది, కాటుక దాని వెంబడి సాగుతుంది. ముగ్గుకు చుక్కలు ముందే పడ్డాయి. సవరించడంలో ఈ నియమం లేదు. కుచ్చిళ్లు సవరించుకుంటాం, గొంతు సవరించుకుంటాం, చట్టం సవరిస్తాం. అక్కడ ఎదుట పెట్టుకుని పోల్చుకునే మూలరూపం లేదు. అప్పటి అవసరానికి తగ్గట్టు సర్దడమే ఉంది.

ఓనమాలు దిద్దడంలో ఆ ముందే తెలిసిన రూపానికి ఒక పేరుంది. వీధిబడుల కాలంలో పంతులు ఇసుకలోనో పలక మీదో అక్షరం రాసి ఇచ్చేవాడు. పిల్లవాడు దాని మీదే వేలు తిప్పేవాడు. వేలు పక్కకు పోతే పంతులు ఆ వేలు పట్టుకుని గీత మీదికి తెచ్చేవాడు. నాలుగు రోజులు తిరిగేసరికి తన వేలు ఎటు జారుతుందో పిల్లవాడికే తెలిసిపోయేది. ఆ రాసి ఇచ్చిన అక్షరం ఒరవడి. దానికే ఒజ్జబంతి అని ఇంకో పేరు. సంస్కృతంలోని ఉపాధ్యాయ శబ్దం ప్రాకృతం మీదుగా మన దగ్గరికి వచ్చేసరికి అరిగి ఒజ్జ అయింది. పంక్తి బంతి అయింది, బంతి భోజనాల్లోని బంతి అదే. ఒజ్జ రాసిన వరుస ఒజ్జబంతి. ఇంత చక్కని మాటలను అటక మీద పెట్టి, ఇంజనీర్లు ‘ట్రైనింగ్ సీక్వెన్స్’ అనేదానికి ‘శిక్షణ అనుక్రమం’ అంటూ తంటాలు పడుతున్నాం.

పనిలో పనిగా ఇంకొకటి. పత్రికల్లో ‘ఆ ఒరవడిలో కొట్టుకుపోయారు’ అన్న వాక్యం తరచుగా కనబడుతోంది. కొట్టుకుపోయేది ఉరవడిలో. ఉరవడి అంటే వేగం, విసురు. ఒరవడి వెంట నడుస్తారే కానీ అందులో ఎవరూ కొట్టుకుపోరు. ఒక్క అచ్చు మారితే రెండు మాటలూ చెడతాయని రాసేవారు గుర్తుంచుకోవాలి.

యంత్రానికి దిద్దడం చెల్లుతుందా అన్నారు. జి.ఎస్.ఎం. ఫోనునే, అంటే రెండో తరం (2జి) సెల్‌ఫోన్‌నే తీసుకుందాం. అది మాటలను విడతలు విడతలుగా పంపుతుంది. మామూలు విడతలో 148 బిట్లు (ఒక్కో బిట్టూ సున్నా గానీ ఒకటి గానీ), వాటికి పట్టేది సుమారు 0.55 మిల్లీసెకను. అందులో 57 బిట్ల మాట, ఆ తరవాత మరో 57 బిట్ల మాట. ఈ రెంటి నడుమ మాటతో సంబంధం లేని 26 బిట్లు ఉంటాయి. అవి ఏ వరుసలో ఉంటాయో పంపేవారికీ తెలుసు, అందుకునేవారికీ తెలుసు. ట్రైనింగ్ సీక్వెన్స్ అంటే ఇదే, ఫోనుకు ఇదే ఒరవడి. ఇలాంటి వరుసలు ఎనిమిది నిర్ణయించి పెట్టారు. మిగతా ఎనిమిది బిట్ల గొడవ మనకు వద్దు.

ఆ 26 ఎందుకంటే, టవర్ నుంచి బయలుదేరిన అల ఒక్క దారిన రాదు. నేరుగా కొంత వస్తుంది, మేడ గోడకు తగిలి కొంత, కొండను తాకి కొంత. రేడియో అల మైక్రోసెకనుకు 300 మీటర్లు పోతుంది. ఈ పద్ధతిలో ఒక బిట్టుకు పట్టే కాలం సుమారు 3.7 మైక్రోసెకన్లు. కాబట్టి ఒక కిలోమీటరు పైచిలుకు చుట్టు తిరిగి వచ్చిన అల తన బిట్టును పక్క బిట్టు నెత్తిన పెడుతుంది. అక్షరం మీద అక్షరం పడ్డట్టే. అప్పుడు రిసీవర్ ఏం చేస్తుంది? తనకు తెలిసిన 26 బిట్లు ఎలా రావాలో, ఎలా వచ్చాయో పక్కపక్కన పెట్టి చూస్తుంది. దారి ఎటు వంచిందో, ఎంత ఆలస్యంగా ఎంత బలంగా మళ్లీ తెచ్చిందో అక్కడ తేలిపోతుంది. ఆ వంపును లెక్కలోకి తీసుకుని, ఏమున్నాయో తనకు తెలియని ఆ 57, 57 బిట్లను చదువుకుంటుంది. ఈ పని చేసే భాగాన్నే ఈక్వలైజర్ అంటారు. తెలిసిన అక్షరం మీద చెయ్యి తిప్పి, వచ్చిన ఒడుపుతో తెలియని అక్షరాలను పట్టుకోవడం. అమ్మా, ఇది దిద్దడం కాకపోతే మరేది దిద్దడం?

ఆ ఒరవడిని నడిమధ్యన పెట్టడంలోనూ ఒక తెలివి ఉంది. ఫోను బస్సులో పోతుంటే దారి ప్రతి క్షణమూ మారుతుంది. ఒరవడి విడత మొదట ఉంటే చివరి బిట్ల దగ్గరికి వచ్చేసరికి అది పాతబడుతుంది. మధ్యలో ఉంటే రెండు వైపులకూ దగ్గర.

అయితే వచ్చే ప్రతి చెరుపుకూ దిద్దడమే మందు కాదు. మాటలు చెదిరితే ఆలోచనా చెదురుతుంది కాబట్టి ఇది పాఠంలో స్పష్టంగా రాయండి. రొద (నాయిస్) ఉంది. లోహంలోని ఎలక్ట్రాన్లు వేడివల్ల కుదురు లేక కదలడంతో పుట్టే రొదను 1928లో బెల్ లేబొరేటరీస్‌లో జాన్సన్ కొలిచి చూపాడు, నైక్విస్ట్ దాని లెక్క చెప్పాడు. దానికి ఒరవడి ఉండదు, కాబట్టి దాన్ని దిద్దలేం. అణచగలం, వడగట్టగలం, అంతే. పైగా దారి కొన్ని పౌనఃపున్యాలను బాగా కుంగదీసినప్పుడు వాటిని పూర్తిగా పాత ఎత్తుకు లేపాలని రిసీవర్ పట్టుబడితే, వాటితోపాటు రొద కూడా పైకి లేస్తుంది. ఒకే అక్షరాన్ని అదే పనిగా దిద్దిన పిల్లవాడి పలక చూశారా? గీత లావెక్కి అక్షరం పోల్చరాకుండా పోతుంది. అందుకే మంచి ఈక్వలైజర్లు వంపును పూర్తిగా తీయకుండా, రొద పెరగని మేరకు ఆగుతాయి. అన్నట్టు, రొదను ‘శబ్దం’ అని రాయకండి. వ్యాకరణంలో శబ్దానికి వేరే గౌరవం ఉంది.

పంపేవారి పౌనఃపున్యానికీ అందుకునేవారి పౌనఃపున్యానికీ తేడా వస్తే అది శ్రుతి తప్పడం. జి.ఎస్.ఎం. ఫోను టవర్‌తో కోటికి ఒక వంతు తేడాలో శ్రుతి నిలుపుకోవాలి. 900 మెగాహెర్ట్జ్ దగ్గర అది 90 హెర్ట్జ్. శ్రుతి చేయడం, శ్రుతి కలపడం అనే మాటలు మనకు సిద్ధంగా ఉన్నాయి. సిగ్నల్ బలం పెరిగి తరుగుతుంటే రిసీవర్ తన పెంపును (గెయిన్) తగ్గించి హెచ్చించుకోవడం ఉందే, అక్కడ మీ ‘సవరించు’ హాయిగా కూర్చుంటుంది.

తప్పు పడ్డ బిట్లను పట్టుకునే సంకేత గణితానికి ఏ మాట వాడాలో మీరు అడగలేదు కానీ చెప్పకుండా ఉండలేను. 1950లో హామింగ్ అనే గణితవేత్త నాలుగు బిట్లకు మూడు కాపలా బిట్లు చేర్చి, ఏడింటిలో ఏ ఒక్కటి చెడినా ఏది చెడిందో కనిపెట్టే ఉపాయం ప్రకటించాడు. తాళపత్రాల పని చేసినవారికి ఈ ఉపాయం కొత్తగా తోచదు. కంద పద్యంలో పురుగు తిన్న చోట రెండో అక్షరం పోతే ప్రాస దాన్ని చెబుతుంది. గణం కుదరకపోతే రాయసగాడు ఏదో జారవిడిచాడని తెలుస్తుంది. అర్థానికి అవసరమైన దానికన్నా పద్యంలో కట్టుబాటు ఎక్కువ, ఆ ఎక్కువే పద్యాన్ని కాపాడింది. ఈ పనికి మన పండితులు వాడిన మాట పరిష్కరణ. పద్యం వల్లించడం వృథా అనేవారికి ఈ పోలిక చెప్పండి.

వక్రీకరణ మాత్రం నాకు సమ్మతం కాదు. ఒకటి కానిదాన్ని అలా మార్చడాన్ని చెప్పే సంస్కృతపు చ్వి ప్రత్యయాంతం మీద ‘చేయు’ అని అర్థమిచ్చే కృధాతువు వచ్చి కూర్చున్నాక చేసేవాడు ఒకడున్నాడనే అర్థం తప్పదు. చరిత్రను వక్రీకరిస్తారు, ప్రసంగాన్ని వక్రీకరిస్తారు. అలను తిప్పి పంపిన కొండకు అలాంటి ఉద్దేశం లేదు. ‘వికృతి’ అనవచ్చు, ‘చెరుపు’ అనవచ్చు. నా చిన్నతనంలో రాత్రిపూట దూరపు మీడియం వేవ్ స్టేషన్ పెడితే మాట ఉబ్బేది, కుంగేది, ఒక్కోసారి గొంతే మారిపోయేది. నేల వెంట వచ్చిన అల, చీకటి పడ్డాక పైఆకాశం తిప్పి పంపిన అల కలిసి చేసే పని అది. ఇంట్లో పెద్దలు ‘వచ్చి పోతోంది’ అనేవారు, రొదను ‘గరగర’ అనేవారు. ఈ రెండు దోషాలూ వేరని వారి మాటలే చెబుతున్నాయి. మాటలు కావలసినవారు ముందు ఇలాంటి చోట వెతకాలి. ఇంగ్లీషువారు అదే చేశారు. వేర్వేరు దారుల్లో వచ్చిన అలలను పోగుచేసే రిసీవర్‌కు 1958లో ప్రైస్, గ్రీన్ అనే ఇద్దరు ఇంజనీర్లు రేక్ అని పేరు పెట్టారు. తోటలో ఆకులు లాగే పళ్ల పనిముట్టు పేరు అది. మన రైతు దగ్గర దంతె ఉంది. మనమేమో ‘బహుపథ సంకలన గ్రాహకం’ అని రాస్తాం.

కాబట్టి ఈక్వలైజర్ గురించి రాసేటప్పుడు ‘దిద్దు’ వాడండి. ‘సరిదిద్దు’ అన్నా తప్పులేదు. సవరించు తప్పని నేను అనను, సగం మంది పుస్తకాల్లో అదే ఉంది, విద్యార్థికి అర్థమూ అవుతుంది. ‘బడు’ తీసేస్తే దానితో నాకు పేచీ లేదు. సంకేతం సంగతి కొంచెం ఆలోచించండి. ఇద్దరు ముందుగా చేసుకున్న ఏర్పాటు సంకేతం. ప్రేయసీ ప్రియులు కలుసుకుందామని అనుకున్న చోటు సంకేత స్థలం. వచ్చే అల మొత్తాన్ని అలా పిలవడం పాఠ్యపుస్తకాల్లో స్థిరపడింది కనుక కాదనలేను. నేనే ఆ పాఠం రాస్తే మాత్రం అలను సిగ్నల్ అనే ఉంచి, సంకేతమనే మాటను టవరూ ఫోనూ ముందే అనుకుని పెట్టుకున్న ఆ 26 బిట్లకు దాచుకుంటాను.