"ఉన్నది ఉన్నట్టుగా కొన్నాను" అని సంతకం పెట్టాను, సెకండ్ హ్యాండ్ కారు డీలర్‌ మీద కేసు వేయొచ్చా?

ప్రశ్న: మూడు నెలల క్రితం ఒక డీలర్ దగ్గర సెకండ్ హ్యాండ్ కారు కొన్నాను. 48 వేల కిలోమీటర్లే తిరిగిందని ప్రకటనలో రాశారు. నెల తిరక్కముందే ఇంజిన్ వేడెక్కి ఆగిపోతోంది. కంపెనీ సర్వీస్ సెంటర్‌లో చూపిస్తే, రెండేళ్ల క్రితమే ఈ బండి 91 వేల దగ్గర సర్వీసుకు వచ్చినట్టు వాళ్ల రికార్డులో ఉంది. డీలర్‌ని అడిగితే "ఉన్నది ఉన్నట్టుగా తీసుకుంటున్నానని మీరే సంతకం పెట్టారు, మాకు సంబంధం లేదు" అంటున్నాడు. నాకేమైనా దారి ఉందా?

జవాబు: ఉందండి, గట్టి దారే ఉంది. ముందు ఆ సంతకం గురించి టెన్షన్ పడటం మానేయండి.

వినియోగదారుల రక్షణ చట్టం, 2019లో సెక్షన్ 2(10) చూడండి. చట్టం ప్రకారమో ఒప్పందం ప్రకారమో ఉండాల్సిన నాణ్యత లేకపోతేనే కాదు, అమ్మేవాడు ఏ రకంగానైనా సరే ఉందని చెప్పుకున్నది లేకపోయినా అది లోపం కిందికే వస్తుంది. 48 వేలు అని రాసింది ఆయనే కదా. మీ కేసు మొత్తం ఆ ఒక్క అంకె మీద నిలబడుతుంది. పాత బండికి ఉండే అరుగుదలను ఒప్పుకుంటూ మీరు సంతకం పెట్టారు, అంతేగానీ మీటర్ వెనక్కి తిప్పి అమ్మినా ఫర్వాలేదని పెట్టలేదు. "మేమూ అలాగే కొన్నాం, మాకూ తెలియదు" అని తప్పించుకోబోతారు. తెలిసి చెప్పిన అబద్ధం కాంట్రాక్టు చట్టం సెక్షన్ 17 కింద మోసం. సరైన ఆధారం లేకుండా నిజమని గట్టిగా చెబితే, ఆయన నిజమేనని నమ్మి చెప్పినా సరే, సెక్షన్ 18 కింద అది తప్పుడు సమాచారం ఇచ్చినట్టే.

ఇక్కడ ఒక మాట నిక్కచ్చిగా చెప్పాలి. టైర్లు అరిగాయి, బ్యాటరీ పోయింది, క్లచ్ బిగుసుకుంది లాంటివి ఫిర్యాదులో కలపొద్దు. టెస్ట్ డ్రైవ్‌లో, మామూలు పరిశీలనలో కనబడాల్సిన లోపాలకు వస్తు విక్రయ చట్టం సెక్షన్ 16 మిమ్మల్ని కాపాడదు, పైగా అవన్నీ చేరిస్తే అసలు విషయం పలచబడిపోతుంది.

ఇంజిన్ సంగతి వేరు. అది మీరు కొనకముందు నుంచే ఉన్న జబ్బు అని రుజువు కావాలి, కాబట్టి దయచేసి ఇప్పుడే ఇంజిన్ విప్పించకండి. చాలామంది బండి అవసరం కొద్దీ బయట మెకానిక్‌తో బాగు చేయించుకుని, ఆ తర్వాత బిల్లు పట్టుకుని మా దగ్గరికి వస్తారు, అప్పటికి పరీక్షించడానికి ఏమీ మిగలదు. అవసరమనుకుంటే వినియోగదారుల కమిషనే వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 38 కింద వస్తువును పరీక్షకు పంపగలదు. రిపేరు తప్పదనుకుంటే ముందు సర్వీస్ సెంటర్ నుంచి కారణాలతో రాతపూర్వక రిపోర్టు తీసుకోండి, విప్పేటప్పుడు వీడియో తీయండి, మార్చిన పార్టులు పారేయనివ్వకండి.

పాత సర్వీస్ రికార్డును తేదీ, కిలోమీటర్లు కనబడేలా ప్రింట్ తీయించి స్టాంపు వేయించుకోండి. ప్రకటన ఇంకా ఆన్‌లైన్‌లో ఉంటే ఈ పూటే స్క్రీన్‌షాట్ తీయండి, నోటీసు అందగానే అది మాయమవుతుంది. వాట్సాప్ చాట్ చెరిపేయకండి, ఫోన్ మార్చకండి. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ జతచేయాలి, అది మీ వకీలు చూసుకుంటారు.

"నేను మధ్యవర్తిని మాత్రమే, ఓనర్‌ని అడుక్కోండి" అనే మాట కూడా రావచ్చు. డబ్బు ఎవరి ఖాతాలో పడింది, బిల్లు ఎవరి పేరుతో ఉందో చూడండి. 2023 ఏప్రిల్ 1 నుంచి పాత బండ్ల డీలర్లకు రవాణా శాఖ అధికారపత్రం ఉండాలి, ఫారం 29బి అంటారు. ఓనరు బండిని డీలర్‌కి అప్పగించినట్టు 29సి ఉంటుంది. ఈ రెండూ చూపించమని నోటీసులోనే అడగండి.

ఇక పని మొదలుపెట్టండి. స్పీడ్ పోస్టులో నోటీసు పంపి 15 రోజులు గడువివ్వండి. ఈలోపు 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించొచ్చు, కొందరు డీలర్లు అక్కడికే దిగొస్తారు. దిగిరాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌. మీరు చెల్లించిన ధర 50 లక్షలలోపైతే అక్కడికే వెళ్లాలి, 5 లక్షల వరకు ఫీజు కూడా లేదు. డీలర్ ఉన్న ఊరికి తిరగనక్కర్లేదు, మీరు ఉండే జిల్లాలోనే వేయొచ్చు. కేసు వేయడానికి గడువు రెండేళ్లు. డబ్బు వడ్డీతో వాపసు అడగండి, అది కుదరకపోతే రిపేరు ఖర్చు, ధరలో తేడా ఇప్పించమని ప్రత్యామ్నాయంగా అడగండి. ఈ రెంటికీ తోడు నష్టపరిహారం, కోర్టు ఖర్చులు. కేసు తేలడానికి చట్టంలో మూడు నెలలు, పరీక్ష అవసరమైతే ఐదు నెలలు అని ఉంది గానీ, అంతకంటే ఎక్కువ పడుతుందని మనసులో పెట్టుకోండి.

బండి మీ సొంత వాడకానికే కొన్నారనుకుని ఇదంతా రాశాను. ట్రావెల్స్ వ్యాపారానికైతే చిక్కు వస్తుంది, స్వయం ఉపాధి కోసం మీరే నడుపుకుంటుంటే తప్ప.

నోటీసు పంపేదాకా బండిని రోజూ తిప్పకండి. తిప్పితే "సంతృప్తిగానే వాడుకుంటున్నారు కదా" అనే వాదన వాళ్లకి దొరుకుతుంది. ఇవాళ్టి మీటర్ రీడింగ్ ఫోటో తీసి పెట్టుకోండి.