పెరటి తోటకు మన ఇంటి ముద్ర: తక్కువ ఖర్చులో మేము చేసుకున్న పనులు

పెరడు చిన్నది, ఖర్చు రెండు మూడు వేలకు మించకూడదు, అయినా చూడగానే ఇది మా తోటే అనిపించాలి, అందుకు ఏం చేయవచ్చు అని మీరు అడిగారు. రాజమహేంద్రవరం శివారులో మాకు సెంటుకు కాస్త ఎక్కువ పెరడు ఉంది. నాలుగేళ్లుగా దానిని మా చేతులతోనే తీర్చిదిద్దుకుంటున్నాము కనుక, అనుభవం మీద తెలిసినవి చెబుతాను.

కడియం నర్సరీలు మాకు దగ్గర కావడంతో, మొదటి ఏడాది మొక్కలతో పాటు దారి పక్కన అమ్మే సిమెంటు కొంగలను కూడా కొని తెచ్చాము. మొక్కలు బాగానే బతికాయి. కొంగలకు మాత్రం ఒక్క వేసవికే రంగు వెలిసిపోయింది. అంతకన్నా నన్ను బాధపెట్టింది, అవే కొంగలు మా వీధిలో మరో మూడు ఇళ్ల ముందు కూడా కనిపించడం. అప్పటినుంచి ఏదైనా కొనే ముందు అటక మీద, దొడ్డి మూలల్లో ఏమున్నదో వెతకడం అలవాటు చేసుకున్నాము. మీరు కూడా ముందుగా ఆ పనే చేయండి.

మాకు అలా దొరికిన వాటిలో అన్నిటికన్నా విలువైనది మా నాయనమ్మగారి రుబ్బురోలు. ఇంట్లోకి గ్రైండరు వచ్చిన నాటినుంచి అది గోడ వారన సగం మట్టిలో కూరుకుపోయి ఉన్నది. ముగ్గురం కలిసి గోనెపట్టా మీదకు దొర్లించి, నందివర్ధనం చెట్టు నీడకు లాగి, శుభ్రంగా కడిగి నీళ్లు నింపాము. ఏళ్ల తరబడి పిండి రుబ్బిన గుంట కాబట్టి లోపల అద్దంలా నున్నగా ఉంటుంది. ఆ నునుపు వల్ల కాలు నిలవకనో ఏమో, మొదట పిట్టలేవీ దిగలేదు. గుంటలో నాలుగైదు గరుకు రాళ్లు నీటి మట్టానికి పైకి తేలేలా అమర్చిన కొద్ది రోజులకు ఒక గోరింక వచ్చి అంచు మీద వాలింది. ఇప్పుడు ఎండ ముదిరే వేళకు పిగిలిపిట్టలు జంటగా వచ్చి, రెక్కలు తపతపలాడిస్తూ స్నానం చేసి వెళుతుంటాయి. అయితే ఈ నీటిని రెండు రోజులకు ఒకసారి పారబోసి, గుంటను కొబ్బరి పీచుతో తోమి, కొత్త నీరు పోయాలి. నిలవ నీటిలో దోమ గుడ్డు నుంచి దోమగా ఎగరడానికి వారం పది రోజులు చాలు. ఈ పని చేసే ఓపిక లేదని రోలులో నీటికి బదులు మట్టి మాత్రం నింపవద్దు, అడుగున రంధ్రం లేదు కనుక వేళ్లు కుళ్లిపోతాయి.

రోలు పక్కనే పాత తిరగలి కూడా దొరికింది. దాని రెండు రాళ్లను నడక దారిలో అడుగురాళ్లుగా పరుద్దామని నేను అనుకున్నాను. మా అమ్మ అందుకు ఒప్పుకోలేదు. "మన కడుపు నింపిన రాయి నాన్నా, దాని మీద కాలు పెట్టకూడదు" అన్నారు. ఆ మాటకు ఎదురు చెప్పాలని నాకు అనిపించలేదు. పై రాతిని దారికి పక్కగా నేల మీద పరచి, గింజలు పోసే నడిమి రంధ్రంలో గుప్పెడు మట్టి వేసి గడ్డిగులాబీ కొమ్మ గుచ్చాము. రంధ్రం కింద నేల తగులుతుంది కాబట్టి మొక్కకు ఇబ్బంది లేదు. పొద్దెక్కాక ఆ నల్లరాతి మధ్య గులాబీ రంగు పూలు విచ్చుకుంటుంటే మా ఇంటికి వచ్చిన వారందరూ ముందు అక్కడే ఆగుతారు. ఏ వస్తువును ఎక్కడ ఉంచాలో, ఎక్కడ ఉంచకూడదో మీ ఇంటి పెద్దలను కూడా అడగండి. తోటకు మీ ఇంటి తీరు వచ్చేది అటువంటి మాటల వల్లనే అని నా గట్టి నమ్మకం.

రంగుల విషయానికి వస్తే, డబ్బా పెయింటు కన్నా ఎర్రమన్ను, సున్నమే మేలు. ఎర్రమన్నును రాత్రంతా నానబెట్టి, పలుచని గుడ్డలో వడగట్టి, కొంచెం తుమ్మ జిగురు కలిపి తులసికోటకు, ప్రహరీ గోడ అడుగు భాగానికి రెండు పూతలు వేశాము. ఆరిన తరువాత వెదురు పుల్లకు గుడ్డ చుట్టి, సున్నపు నీటిలో ముంచి, మా అమ్మ, మా అమ్మాయి కలిసి చుక్కల ముగ్గులు పెట్టారు. మొత్తానికి రెండు వందల రూపాయలు కూడా కాలేదు. వానకు ఇది కొంత కరిగిపోతుంది, కాబట్టి ఏటా సంక్రాంతికి ముందు మళ్లీ వేస్తాము, ముగ్గు కూడా ప్రతి ఏడాదీ మారుతుంది. సున్నం కళ్లలో పడకుండా జాగ్రత్త అవసరం, పిల్లల చేత కలిపించవద్దు.

పదిహేను కిలోల నూనె డబ్బాలు కుండీలుగా చక్కగా పనికివస్తాయి, కానీ మొదటిసారి మేము అడుగున ఒకే ఒక చిల్లు పెట్టడం వల్ల అది మట్టితో పూడిపోయి, తొలి వానలకే బంతి మొక్కలన్నీ కుళ్లిపోయాయి. ఇప్పుడు ఆరేడు చిల్లులు పెట్టి, లోపల పెంకుల ముక్కలు పరచి, డబ్బాను రెండు ఇటుకల మీద నిలుపుతున్నాము. రేకు ఎండకు కాలిపోతుంది కనుక బయట గోనెపట్టా చుట్టి పురికొసతో కట్టాము. అది చూడడానికి కూడా బాగుంటుంది.

కూర్చునే చోటు లేకపోతే తోటలో ఎవరూ నిలవరు. రాళ్లు కోసే దుకాణాల్లో మిగిలిపోయిన తాండూరు నాపరాయి ముక్కలు చవకగా ఇస్తారు. ఇటుకలతో, సిమెంటుతో మోకాలి ఎత్తున రెండు దిమ్మలు కట్టి, మందమైన ముక్కను వాటిమీద పరిస్తే అరుగు సిద్ధమవుతుంది.

రంగు వేసిన పాత టైర్లు మాత్రం నేను వద్దంటాను. వాటి లోపలి మడతలో నిలిచే వాననీరు బయటికి కనిపించదు, డెంగీ దోమకు అంతకన్నా అనువైన చోటు ఉండదు. పగిలిన గాజులతో, టైల్సు ముక్కలతో సిమెంటులో పూలు అద్దడం అందంగానే ఉంటుంది గాని, చిన్నపిల్లలు తిరిగే ఇల్లయితే చేతికి అందని ఎత్తులో అద్దండి.

మీ పెరట్లో పొద్దుటి ఎండ ఎటు పడుతుందో, పాత రోలు, గంగాళం వంటివి ఏమైనా ఉన్నాయో రాస్తే, దేనిని ఎక్కడ పెడితే బాగుంటుందో నాకు తోచినంతవరకు చెబుతాను.