కీలూ వాల్యూలూ: నీ వ్యాసం గురించి

చిరంజీవికి ఆశీస్సులు.

ప్రోగ్రామింగ్ భాష పీహెచ్‌పీలో ఒక జాబితాలోని పేర్లను (కీలు) మరో జాబితాలోని విలువలతో (వాల్యూలు) జతచేసే ఫంక్షన్ అర్రే_కంబైన్ మీద నువ్వు రాసిన వ్యాసం చదివాను. భాష తేటగా ఉంది, ఎక్కడా తడబాటు లేదు. నీ ఉదాహరణలో మూడు కీలు, మూడు వాల్యూలు, చక్కగా అతుక్కున్నాయి. చదివినవాళ్లు దాన్ని నమ్మి తమ పనిలో పెట్టుకుంటారు. నా బెంగంతా అక్కడే. వాళ్ల డేటా అంత బుద్ధిగా ఉండదు.

ఆ ఫంక్షన్ చూసేది వరసను మాత్రమే. మొదటి కీకి మొదటి వాల్యూ, రెండోదానికి రెండోది. రెండు అర్రేల్లో (జాబితాల్లో) ఇండెక్సులు, అంటే సున్నా నుంచి మొదలయ్యే స్థానం నంబర్లు, ఏమున్నా దానికి పట్టదు. ఈ మాట నీ వ్యాసంలో లేదు. నన్నడిగితే వ్యాసమంతా దీనిమీదే నిలబడాలి.

పేరు, ఈమెయిల్, ఫోన్, ఊరు అని నాలుగు వివరాలు వచ్చాయనుకో. ఈమెయిల్ ఖాళీ. ఎవరో వాల్యూలను అర్రే_ఫిల్టర్ అనే ఫంక్షన్‌తో వడగట్టి ఖాళీవాటిని తీసేశారు. ఫిల్టర్ పాత ఇండెక్సులను అలాగే ఉంచుతుంది కాబట్టి 0, 2, 3 మిగులుతాయి. ఇండెక్స్ 2 ఉంది కదా, ఫోన్ తన చోటికే వెళ్తుందని చూసేవాళ్లకు అనిపిస్తుంది. వెళ్లదు. ఇంకెక్కడో కీలలోంచి ‘ఊరు’ కూడా తీసేసి ఉంటే లెక్క మూడుకు మూడు సరిపోతుంది, ఎర్రరే రాదు. ఫోన్ నంబరు ఈమెయిల్ కింద, ఊరి పేరు ఫోన్ కింద డేటాబేసులోకి చేరిపోతాయి. పైగా ఏవి ఉంచాలో చెప్పే కాల్‌బ్యాక్ ఇవ్వకపోతే ఫిల్టర్ సున్నాను కూడా ఖాళీగానే తీసిపారేస్తుంది. బాకీ సున్నా అన్నది కూడా ఒక సమాచారమే. ఈ ఉదాహరణకు ఎంత చోటు కావాలంటే అంత ఇవ్వు, తొందరపడకు.

లెక్క కుదరకపోతే ఏమవుతుందో నువ్వు ఒక్క ముక్కలో తేల్చేశావు, అదీ పాత సంగతే. 2004లో పీహెచ్‌పీ 5తో వచ్చినప్పటి నుంచి ఈ ఫంక్షన్ సైజులు తేడాగా ఉంటే ఒక వార్నింగ్ ఇచ్చి ఫాల్స్ (పని జరగలేదన్న గుర్తు) తిరిగిచ్చేది. 2020 నవంబరులో వచ్చిన 8.0 నుంచి, పట్టుకోకపోతే ప్రోగ్రామ్‌నే ఆపేసే వాల్యూఎర్రర్ విసురుతుంది. అంటే ఫలితం ఫాల్సా కాదా అని చూసే పాత కోడ్, 8కి మారాక ఆ లైను దాకా రానే రాదు. ఈ మార్పు మంచిదే అంటాను. పైథాన్ భాషలో ఇలాగే జతచేసే జిప్ ఇదే పరిస్థితిలో చిన్న జాబితా దగ్గర చడీచప్పుడూ లేకుండా ఆగిపోతుంది, మిగిలినవి పోయాయని కూడా చెప్పదు. తేడా ఉంటే ఎర్రర్ ఇచ్చే స్ట్రిక్ట్ అనే ఆప్షన్ అక్కడ 3.10లో గానీ రాలేదు.

నీ పాఠకుల్లో చాలామంది దీన్ని వాడేది సీఎస్‌వీ (కామాలతో విడదీసిన పట్టిక) ఫైళ్లకే: మొదటి వరస హెడర్లు కీలు, కింది ప్రతి వరసా వాల్యూలు. మధ్యలో ఖాళీ లైను ఉంటే ఆ ఫైలును వరసవరసగా చదివే ఎఫ్‌గెట్‌సీఎస్‌వీ ఒకే ఒక నల్ (ఏమీ లేదన్న విలువ) ఉన్న అర్రేను ఇస్తుంది, అక్కడ వాల్యూఎర్రర్‌తో ప్రోగ్రామ్ ఆగుతుంది. ఎక్సెల్‌లో యూటీఎఫ్-8 సీఎస్‌వీగా సేవ్ చేస్తే ఫైలు మొదట్లో కంటికి కనపడని మూడు బైట్ల గుర్తు (బామ్) చేరి మొదటి హెడర్‌కు అంటుకుంటుంది. ప్రింట్ చేస్తే ‘పేరు’ అనే కనిపిస్తుంది, ఆ కీతో వెతికితే దొరకదు. కొత్తవాళ్లను ఇంతగా ఏడిపించేది మరొకటి లేదు. దీన్ని తప్పక రాయి.

ఒకే పేరుతో రెండు హెడర్లుంటే చివరి వాల్యూ మిగులుతుంది, ముందుది వార్నింగ్ లేకుండా పోతుంది. కలిపాక కౌంట్ తగ్గిందేమో చూడమని చెప్పు. ‘10’ అనే స్ట్రింగ్ కీ అంకె అయిపోతుందనీ, ‘010’ స్ట్రింగ్‌గానే ఉంటుందనీ ఒక వాక్యం చాలు. అర్రేలను ఒకదాని వెనక ఒకటి కలిపే అర్రే_మెర్జ్‌తో పోలుస్తూ రాసిన భాగం తీసెయ్. అది వేరే పని, దానికి వేరే వ్యాసం రాద్దువుగాని.

తిరగరాసేటప్పుడు ప్రతి ఉదాహరణనూ పీహెచ్‌పీ 8 మీద నడిపి, వచ్చిన ఎర్రర్ సందేశాన్ని అక్షరం మార్చకుండా వ్యాసంలో పెట్టు. చిక్కులో పడ్డవాళ్లు ఆ సందేశాన్నే సెర్చ్‌లో వేసి నీ దగ్గరికి వస్తారు.